అడవి తేనెనా, పెట్టె తేనెనా: వరంగల్ పరిసరాలలో తేనె కొనేవారికి

వరంగల్, హనుమకొండ, కాజీపేటలలో నివసించే కుటుంబానికి ఈ ప్రాంతపు తేనె దొరికే దారులు ముఖ్యంగా నాలుగు ఉన్నాయి. అందరూ జీసీసీ అని పిలిచే గిరిజన సహకార సంస్థ దుకాణాలలో ‘గిరి’ పేరుతో అమ్మే తేనె మొదటిది. ములుగు, ఏటూరునాగారం, ఉట్నూరు వైపు గూడేలలో తేనె దించేవారి వద్ద నేరుగా కొనేది రెండవది. పెట్టెలలో తేనెటీగలను పెంచే రైతు వద్ద కొనేది మూడవది. తేనెతుట్టె ముక్కలు తేలుతున్న బకెట్టు పట్టుకొని వీధిలోకి వచ్చే వ్యక్తి నాలుగవ దారి. వీటిలో ఏది మంచిదని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పడం సరికాదు. తేనె ఎందుకు కావాలో, ఎంతకాలం నిల్వ ఉంచాలో, ఏ నెలలో కొంటున్నారో తెలిస్తేనే జవాబు తేలుతుంది. అయితే నాలుగింటికీ వర్తించే విషయం ఒకటి ఉంది: తేనె ఎక్కడి నుంచి వచ్చిందో చూపగలిగే మనిషిని వెతకడం, సీసాలోని తేనెను పరీక్షించడం కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

ఇలా అనడానికి కారణం ఇంట్లో చేసే పరీక్షలే. నీళ్ల గ్లాసులో చుక్క వేస్తే కరగకుండా అడుగుకు చేరాలని, తేనెలో ముంచిన అగ్గిపుల్ల వెలగాలని, కాగితం మీద వేస్తే ఇంకకూడదని, కుక్క అసలు తేనెను ముట్టదని మన ఇళ్లలో తరతరాలుగా చెబుతున్నారు. మొదటి మూడు పరీక్షలూ చూపించేది చిక్కదనాన్ని మాత్రమే. చిక్కగా కాచిన చక్కెర పాకం వాటన్నిటిలోనూ నెగ్గుతుంది. వానాకాలంలో దించిన అసలైన అడవి తేనె కొంచెం పలుచగా ఉండి ఓడిపోతుంది. కుక్క సంగతికి ఆధారమే లేదు. పెద్ద ప్రయోగశాలల పరీక్షలను సైతం దాటగలిగే పాకాలు వచ్చిన కాలం ఇది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయించి, వాటిలో 10 బ్రాండ్లు జర్మనీ ప్రయోగశాలలో జరిపిన, కల్తీని పట్టుకునే ఎన్‌ఎంఆర్ అనే ఆధునిక పరీక్షలో నెగ్గలేదని ప్రకటించింది. కంపెనీలు ఆ మాటను ఖండించాయి. ఏదేమైనా, చెరకు, మక్కజొన్న చక్కెరలను పట్టుకునే పాత పరీక్షకు బియ్యం నుంచి తీసిన పాకం దొరకదన్న సంగతి ఆ సందర్భంలోనే సామాన్య కొనుగోలుదారులకు తెలిసివచ్చింది. ప్రయోగశాలకే కష్టమైన పని వంటింట్లో అగ్గిపుల్లతో జరగదు.

ఏ ఈగ తేనె కొంటున్నారు

పోలికకు ముందు ఈగల గురించి కొంత తెలుసుకోవాలి, ఎందుకంటే ధర, రుచి, నిల్వ ఈ మూడూ దానిమీదే ఆధారపడి ఉంటాయి. కొండ చరియలకు, ఎత్తయిన మద్ది, బూరుగు చెట్ల కొమ్మలకు, ఊళ్లలో నీళ్ల ట్యాంకులకు, అపార్ట్‌మెంట్ల సజ్జలకు ఒకే పెద్ద తుట్టెను వేలాడదీసేది పెద్ద తేనెటీగ. మనం అడవి తేనె అనేదానిలో ఎక్కువ భాగం దానిదే. ఈ ఈగ ఆరుబయట ఒంటి తుట్టె మీద బతుకుతుంది కనుక దానిని పెట్టెలో పెంచలేరు. చెట్టు తొర్రలలో, పాడుబడిన పుట్టలలో, గోడ సందులలో వరుసగా అనేక తుట్టెలు కట్టేది మన నేల ఈగ. దానిదే పుట్ట తేనె. దీనిని చిన్న పెట్టెలలో పెంచవచ్చు గానీ, ఒక పెట్టె నుంచి ఏడాదికి 5 నుంచి 10 కిలోలు వస్తే మంచి దిగుబడి కింద లెక్క. 1990ల తొలి సంవత్సరాలలో దక్షిణ భారతమంతటా వ్యాపించిన ఒక వైరస్ తెగులు ఈ ఈగల గూళ్లను పెద్ద సంఖ్యలో తుడిచిపెట్టింది. మూడవది, పెంపకందారులు ఇటాలియన్ ఈగ అని పిలిచే ఐరోపా జాతి. 1960లలో ఉత్తర భారతంలో స్థిరపడిన ఈ ఈగ, పూలు ఉన్న చోటికి పెట్టెలను తిప్పుతూ పోతే ఒక్కో పెట్టెకు ఏడాదికి 30 కిలోలు, అంతకు మించి కూడా ఇస్తుంది. పుట్ట తేనెకు, పెట్టె తేనెకు ధరలో అంత తేడా ఎందుకని అడిగేవారికి ఈ దిగుబడుల లెక్కే సమాధానం. పుట్ట తేనెను ఏడాది పొడుగునా, ఎంత కావాలంటే అంత, తక్కువ ధరకు ఇస్తామనే అమ్మకందారును నమ్మడానికి ఈ లెక్క ఒప్పుకోదు.

అడవి తేనె: గూడెంలోనా, జీసీసీలోనా

ఏటూరునాగారం, తాడ్వాయి అడవులలో కోయలు, ఆదిలాబాద్ వైపు గోండులు, కొలాములు, నాయకపోడులు తేనె దించడం చాలా పాత జీవనోపాధి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను పేర్కొంటూ తేనెను కూడా అందులో చేర్చి, దానిని సేకరించి అమ్ముకునే హక్కును అడవిలో నివసించే వారికి ఇచ్చింది. అందువల్ల గూడెంలో నేరుగా కొనడంలో తప్పేమీ లేదు; డబ్బు మధ్యవర్తుల చేతిలో పడకుండా తేనె దించిన చేతికే అందుతుంది కనుక నేను దానిని గౌరవిస్తాను. మేడారం దారిలోనో, వారపు అంగడిలోనో సీసాలు పెట్టుకొని కూర్చున్నవారిలో కొందరు తామే దించి తెచ్చినవారు, కొందరు కొని తెచ్చి అమ్మేవారు. ఏ చెట్టు మీద తుట్టె, ఎప్పుడు దించారు, తుట్టె మొత్తం కోశారా లేక తేనె ఉన్న భాగమే కోశారా అని మర్యాదగా అడిగితే, తామే దించినవారు తడుముకోకుండా చెబుతారు.

చివరి ప్రశ్నకు ప్రత్యేకమైన విలువ ఉంది. పెద్ద తేనెటీగ తుట్టెలో తేనె కొమ్మకు ఆనుకొని ఉన్న పై భాగంలో ఉబ్బెత్తుగా నిల్వ ఉంటుంది; కింది భాగమంతా గుడ్లు, పురుగులు పెరిగే చోటు. అనుభవజ్ఞులు పై భాగాన్ని మాత్రమే కోసి, పిల్ల ఉన్న భాగాన్ని కొమ్మకే వదిలేస్తారు. ఈగలు మళ్లీ అక్కడే తేనె కూర్చుకుంటాయి. తుట్టె మొత్తాన్ని కోసి గుడ్డలో వేసి పిండితే పురుగుల రసం, పుప్పొడి, మైనం అన్నీ తేనెలో కలుస్తాయి. అలాంటి తేనె మబ్బుగా ఉండి త్వరగా పులిసిపోతుంది. గదుల మూతలు కోసి, గుడ్డ మీద ఉంచి, దానంతట అది కారనిచ్చిన తేనె తేటగా ఉంటుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. కాబట్టి పిండినదా, కారనిచ్చినదా అని అడగడం కొనేవారి ఆరోగ్యానికీ ఈగల మనుగడకూ సంబంధించిన ప్రశ్న. మంటపెట్టి ఈగలను కాల్చి దించిన తేనెను, అది ఎంత రుచిగా ఉన్నా, కొనకుండా ఉండటమే న్యాయం. ఎండాకాలంలో ఆ మంట వల్ల అడవికే నిప్పు అంటుకుంటుంది.

అడవి తేనెకు ఉన్న అసలు బలహీనత తేమ. దేశ ఆహార భద్రత సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ప్రమాణం ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు. ఆరుబయట తుట్టెలో పండే పెద్ద తేనెటీగ తేనెలో తేమ తరచుగా అంతకంటే ఎక్కువే ఉంటుంది, తొలకరి పడ్డాక దించినదైతే మరీ ఎక్కువ. తేమ మించిన తేనెలో సహజంగా ఉండే ఈస్టు పనిచేయడం మొదలుపెడుతుంది; నురగ పైకి లేస్తుంది, మూత తీస్తే గ్యాసు వస్తుంది, పుల్లని వాసన కొడుతుంది. ఇలా జరిగిందంటే అది కల్తీ అని తేల్చేయకూడదు, అలాగని నిల్వకు పనికొచ్చే తేనె కూడా కాదు.

జీసీసీ తేనె ఈ చోటనే ముందుంటుంది. 1956లో ఏర్పడి, ఉమ్మడి రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరుగా పనిచేస్తున్న ఈ సంస్థ గిరిజనుల వద్ద కొన్న తేనెను వడపోసి, వేడి చేసి, తేమ తగ్గించి సీసాలకు ఎత్తుతుంది. వేడి చేయడం వల్ల పూల సువాసన కొంత పోతుందన్నది నిజమే. కానీ ఏడాదంతా ఇంట్లో ఉంచుకొనేవారికి తేమ తగ్గించిన తేనె మేలు. ఎక్కడో తెలియని చోటి ‘పచ్చి’ తేనె కంటే, సేకరించినవారికి ధర చెల్లించి, చట్టప్రకారం లేబుల్ వేసి అమ్మే తేనెను నేను ముందు సూచిస్తాను. ఊరికి దూరం వెళ్లే తీరిక లేని వృద్ధ దంపతులకు, మొదటిసారి అడవి తేనె రుచి చూడదలచినవారికి ఇది సులువైన దారి. గూడెంలో కొనే తేనె రుచికి, పరిమళానికి సాటిలేనిది. దానిని అరకిలో, కిలో చొప్పున కొని, రెండు మూడు నెలలలో వాడేసేవారికే అది సరిపోతుంది.

పెట్టె తేనె: పెంపకందారును ఎలా ఎంచుకోవాలి

ప్రతిరోజూ తేనె వాడే ఇంటికి నా సిఫారసు పెట్టె తేనె. పెట్టెలోని చట్రాలను యంత్రంలో గిర్రున తిప్పితే తేనె మాత్రమే బయటికి వస్తుంది, పిల్ల ఉన్న చట్రాలు గూటిలోనే ఉంటాయి, తుట్టె కూడా చెడకుండా మళ్లీ వాడకానికి వస్తుంది. శుభ్రతలో దీనికి పోటీ లేదు. అయినా పెట్టె తేనె అంతా ఒకటే కాదు. మంచి పెంపకందారుకూ మామూలు పెంపకందారుకూ మధ్య తేడా కొన్ని ప్రశ్నలతో బయటపడుతుంది.

పెట్టెలు ఏ నెలలో ఎక్కడ ఉన్నాయన్నది మొదట అడగాలి. వరంగల్ చుట్టుపక్కల వానాకాలంలో పత్తి, మిరప ఎక్కువగా వేస్తారు. ఎనుమాముల మార్కెట్టును నింపే ఈ రెండు పంటలకూ పురుగుమందు ఎక్కువ కొడతారు. పత్తి ఈగలకు మకరందం ఇస్తుంది గానీ మందు కొట్టిన చేను పక్కన గూళ్లు బతకవు కనుక, తెలివైన పెంపకందారు ఆ కాలంలో పెట్టెలను వేరే చోటికి తరలిస్తాడు. పొద్దుతిరుగుడు, నువ్వులు, ఆవాలు, ధనియాలు, కుసుమ వేసిన చేలకు, కానుగ, నేరేడు, వేప, చింత పూసే తోపులకు పెట్టెలు తిరుగుతూ ఉంటాయి. అందువల్ల హనుమకొండ పెంపకందారు అమ్మే తేనె వేరే జిల్లా పొలాల నుంచి వచ్చి ఉండవచ్చు; అందులో లోపమేమీ లేదు, ఆయన ఆ సంగతి దాచకుండా చెప్పాలి, అంతే. ఏ పువ్వు తేనె అని అడిగితే ‘అన్ని పూలది’ అని ఊరుకునేవారి కంటే, ‘ఇది ఫలానా నెలలో పొద్దుతిరుగుడు దగ్గర తీసింది, అది వేసవిలో కానుగ దగ్గర తీసింది’ అని రెండు డబ్బాలు వేరుగా చూపేవారు నమ్మదగినవారు. రెండింటి రంగు, వాసన వేరుగా ఉండటాన్ని మీరే గమనిస్తారు. నేరేడు తేనె ముదురు రంగులో, చివరన సన్నని చేదుతో ఉంటుంది. పొద్దుతిరుగుడు తేనె పసుపుగా ఉండి త్వరగా పేరుకుంటుంది.

పేరుకోవడం గురించి ఇక్కడే చెప్పడం మంచిది, ఎందుకంటే ఈ ఒక్క అపోహ వల్ల నిజాయితీగల పెంపకందారులు ఎంతో నష్టపోతున్నారు. చలికాలంలో సీసా అడుగున తెల్లగా గడ్డకట్టిన తేనెను చూసి చక్కెర కలిపారని గొడవపడేవారు చాలామంది. తేనెలో గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చక్కెరలు ఉంటాయి. గ్లూకోజు వాటా ఎక్కువైన తేనె సహజంగానే పేరుకుంటుంది. ఆవాలు, ధనియాలు, పొద్దుతిరుగుడు తేనెలు వారాలలోనే గడ్డకడతాయి. గట్టి మూత ఉన్న సీసాను గోరువెచ్చని నీళ్లలో, చెయ్యి పెట్టగలిగినంత వేడిలో, నిలబెడితే మళ్లీ కరుగుతుంది. పొయ్యి మీద పెట్టకూడదు. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తొందరగా పేరుకుంటుంది కనుక తేనెకు ఫ్రిజ్ అవసరం లేదు.

రెండవ ప్రశ్న ఈగలకు చక్కెర నీళ్లు పెట్టడం గురించి. ఉత్తర తెలంగాణలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలతో పూలు కరువవుతాయి. ఆ నెలలలో గూడు ఆకలితో చావకుండా చక్కెర నీళ్లు పెట్టడం పెంపకంలో ఒప్పుకున్న పద్ధతే. పెట్టడం లేదని బొంకేవారి కంటే, వానాకాలంలో పెడతామని, ఆ కాలంలో తేనె తీయమని చెప్పేవారే నిజం చెబుతున్నారు. చక్కెర పెట్టిన కాలంలోనే తీసిన తేనె అసలు తేనె కాదు. మూడవది, పండిన తేనె తీశారా అన్నది. చట్రంలో నాలుగింట మూడు వంతుల గదులకు ఈగలు మైనం మూతలు వేశాక తీస్తే తేమ తగ్గి తేనె నిలుస్తుంది. తొందరపడి ముందే తీస్తే పలుచగా ఉండి పులుస్తుంది. తేమ కొలిచే రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం దగ్గర ఉంచుకొని, అడగగానే ఒక చుక్క వేసి చూపే పెంపకందారు దొరికితే ఆయనను వదులుకోవద్దు. ఈగల జబ్బులకు యాంటీబయాటిక్ మందులు వాడతారా, వాడితే తేనె తీయడానికి ఎంత ముందు ఆపుతారని కూడా అడగవచ్చు.

పెంపకందారులను వెతకడానికి మామునూరులోని కృషి విజ్ఞాన కేంద్రంలోనూ, జిల్లా ఉద్యానశాఖ కార్యాలయంలోనూ విచారించడం మంచి మొదలు. శిక్షణ తీసుకొన్నవారి వివరాలు అక్కడి వారికి తెలిసే అవకాశం ఎక్కువ. పెంపకందారుల నమోదు కోసం కేంద్రం 2021లో మధుక్రాంతి అనే పోర్టల్ తెచ్చింది; అందులో నమోదు చేసుకున్నారా అని అడగవచ్చు. వీటన్నిటి కంటే గట్టి నిదర్శనం, పెట్టెల దగ్గరికి రమ్మని ఆయన మిమ్మల్ని పిలవడం. పిలిస్తే ఒకసారి ఇంట్లో పిల్లలతో సహా వెళ్లి చూడండి.

బకెట్టు తేనె

దీని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. తుట్టె ముక్కలు తేలుతున్నంత మాత్రాన కింద ఉన్నది తేనె కాదు. తుట్టెను బెల్లం పాకంలోనూ ముంచవచ్చు. మీ అపార్ట్‌మెంట్ మీది తుట్టెను మీ ఎదుటే దించి ఇస్తామని వచ్చేవారి విషయం కొంచెం వేరు. అప్పుడు తుట్టె పైనుంచి దిగి మీ గిన్నెలోకి వచ్చేదాకా చూపు తిప్పకుండా ఉండాలి, వారి బకెట్టులో వేసి మళ్లీ పోయనివ్వకూడదు. పురుగుమందు కొట్టి ఈగలను చంపిన తుట్టెలోని తేనెను నాలుకకు కూడా తాకించవద్దు.

తూకం, ధర

లీటరు లెక్క, కిలో లెక్క కలిసిపోవడం వల్ల ధరల పోలిక చాలాసార్లు తప్పుతుంది. మంచి తేనె ఒక లీటరు సుమారు 1.4 కిలోలు తూగుతుంది. కాబట్టి లీటరు 560 రూపాయలు అన్న తేనె, కిలో 400 రూపాయలు అన్న తేనె ధరలో సమానం. అంగడిలో తేనె ఎక్కువగా పాత మద్యం సీసాలలో వస్తుంది: 750 మిల్లీలీటర్ల సీసా నిండా ఉంటే కిలో పైన 50 గ్రాములు, 650 మిల్లీలీటర్ల బీరు సీసా అయితే 900 గ్రాములకు కాస్త పైన రావాలి. ఇంటి త్రాసు మీద ఖాళీ సీసా బరువు తీసేసి చూస్తే, అంతకంటే బాగా తక్కువ వచ్చిన తేనెలో నీరు ఎక్కువ ఉందని తెలుస్తుంది. ఇది చిక్కటి పాకాన్ని పట్టుకోలేదు గానీ, పలుచని తేనెను, పలుచని పాకాన్ని పట్టుకుంటుంది. సీసా శుభ్రత మీద అనుమానం ఉంటే ఇంటి నుంచి ఎండబెట్టిన గాజు సీసాను తీసుకువెళ్లి అందులో పోయించుకోవడం మేలు.

లేబుల్ ఉన్న తేనెకు 14 అంకెల ఆహార భద్రత (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) లైసెన్సు నంబరు తప్పక ఉండాలి. అగ్‌మార్క్ గుర్తు అదనపు భరోసా. పూజ సామాగ్రి దుకాణాలలో ‘పూజకు మాత్రమే’ అని సన్నని అక్షరాలతో రాసిన చవక సీసాలు ఉంటాయి. భద్రకాళి గుడికో, వేములవాడకో అభిషేకానికి తీసుకువెళ్లే తేనె చివరకు పంచామృతమై భక్తుల నోటికే చేరుతుంది కనుక, తినే తేనెనే పూజకు కొనాలి.

ఏ దారిలో కొన్నా ఏడాది నిండని పసిబిడ్డకు తేనె పెట్టకూడదు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం మన ఇళ్లలో ఉంది. కానీ తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగులలో మొలకెత్తి బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తేగలవు. ఎంత స్వచ్ఛమైన తేనె అయినా ఈ ప్రమాదం తప్పదు. మధుమేహం ఉన్నవారు కూడా తేనెలో సుమారు 80 శాతం చక్కెరలే ఉన్నాయని గుర్తుంచుకొని, చక్కెరను లెక్కించినట్టే దానినీ లెక్కించుకోవాలి.

ఇంటికి ఏడాదికి ఆరు కిలోలు కావాలనుకుంటే, నాలుగు కిలోలు పెట్టె తేనెగా ఫిబ్రవరి నుంచి మే మధ్యలో, పూలు ఉన్న కాలంలో, ఒకే పెంపకందారు వద్ద తీసుకోవాలని, ఒక కిలో గూడెం తేనెను వేసవిలో వానలు పడకముందే కొని దసరాలోపు వాడేయాలని, మిగిలిన కిలో అవసరమైనప్పుడు జీసీసీలో కొనాలని నా సలహా. కొత్త పెంపకందారు వద్ద మొదటిసారి పావుకిలోకు మించి తీసుకోవద్దు. ఆ సీసాను ఒక వానాకాలం, ఒక చలికాలం ఇంట్లో ఉంచి, పులిసిందా, పేరుకుందా, వాసన నిలిచిందా చూశాక, మరుసటి సంక్రాంతి తర్వాత ఆయనకు ఫోన్ చేసి మీ ఏడాది తేనె ముందుగానే చెప్పి ఉంచండి.